పొద్దున ఏం తింటివి?

మా ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునే అక్క మొన్న పోయింది. కడుపులో గడ్డ. ఆపరేషన్ మా థియేటర్లోనే అనుకున్నాం, రోజు కూడా పెట్టుకున్నాం. ముందురోజు సాయంత్రమే వార్డులో ప్రాణం వదిలింది. థియేటర్ నర్సుగా చావులు నాకు కొత్తకాదు. ఈ కబురు విన్నప్పుడు మాత్రం చేతిలో ట్రే కిందపెట్టి, గోడకు ఆనుకుని ఏడ్చాను.

తిరుపతిలో మాది మరీ పెద్ద ఆస్పత్రి కాదు. రేపు ఎవరికి ఏ ఆపరేషన్, ఏ వైపు అన్నది పై అంతస్తులో వార్డు సిస్టరు జాబితాగా కొడుతుంది. ఆ ఫైలు ఉండేది కింద సర్వర్ గదిలో. వార్డులో తెరిచినా, థియేటర్లో తెరిచినా అదే ఫైలు. అదే అని మేం అనుకునేవాళ్ళం, ఖర్మ!

ఒక ఉదయం చంద్రగిరి వైపు నుంచి వచ్చిన పెద్దాయన బల్ల మీద ఉన్నాడు. మా తెర మీద ‘ఎడమ మోకాలు’ అని ఉంది. నేను మందు పూస్తుంటే ఆయన తల ఎత్తి చూశాడు.

"నొప్పి ఈ కాల్లో గాదు గదమ్మా. ఆ కాల్లో ఉండాది."

ఇంకా మత్తు ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది. పైకి ఫోన్ చేస్తే వార్డు సిస్టరు లబోదిబోమంది. తప్పు పడిందని ముందురోజే ‘కుడి’ అని దిద్దిందట.

అక్క పరుగున వచ్చింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మా కంప్యూటర్ వెనక నెట్‌వర్క్ తీగ పీకేసి, "ఇప్పుడు తెరువు మే" అంది. తెరిచాను. టక్కున వచ్చింది, అదే ‘ఎడమ’.

"సూసినావా? తీగ లేకపోయినా తెరుసుకునింది. ఇది కిందిది గాదు. లైను పోతే పని ఆగకూడదని ఈ కంప్యూటర్ కడుపులో దాసిపెట్టుకున్న నకలు. లైను వచ్చినా మనకు దాన్నే వడ్డిస్తాండాది."

ఆ పాత నకలు చెరిపేసింది. ఆ ఫోల్డరుకు నకళ్ళు దాచే ఏర్పాటే సర్వర్లో తీసేసింది. అప్పట్నుంచి జాబితా నింపాదిగా తెరుచుకునేది. డాక్టరుగారు విసుక్కుంటే నవ్వేది: "సద్దికూడు ఒంటికి మంచిది సార్. సద్దికబురు మంచిది గాదు."

అయినా ఆమెకు నమ్మకం చాలలేదు. "మనిషైతే తెలీదని సెప్తాడు మే. ఇది సెప్పదు. తెలిసినట్టే సూపిస్తాది" అనేది. అందుకే ఒక ఆచారం పెట్టింది. వార్డు సిస్టరు రోజూ పొద్దున జాబితా అడుగున తను తిన్న టిఫిను కొట్టాలి. మొదటి పేషెంటు లోపలికి రాకముందే నేను ఫోన్ చేసి ఏం తింటివని అడగాలి. ఆమె జవాబూ, నా తెర మీది మాటా ఒకటైతేనే పని మొదలు. ఎంత నవ్వుకున్నామో! శనివారాల్లో ‘ఉపవాసం’ అని ఉండేది. మేం పడీపడీ నవ్వుతున్నా అక్క మాత్రం థియేటర్ తలుపు దగ్గరే నిలబడి, జవాబు వినేదాకా కదిలేది కాదు. ఇన్నేళ్ళూ నా చేతుల మీదుగా ఘోరం జరగకుండా కాపాడింది ఆ మొండితనమే.

ఆమె మంచం పట్టాక కొత్తగా వచ్చినాయన, పాపం మంచి ఉద్దేశంతోనే, నకళ్ళు దాచే ఏర్పాటు మళ్ళీ పెట్టాడట. "ఇంక సూడండి సిస్టర్, సర్రున తెరుసుకుంటాది" అని మురిసిపోయాడు. దేనివల్ల సర్రునో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అక్క పోయిన మరునాడు ఉదయం థియేటర్లోకి వెళ్ళి జాబితా తెరిచాను. నొక్కీ నొక్కకముందే వచ్చేసింది. వార్డుకు ఫోన్ చేశాను.

"పొద్దున ఏం తింటివి?"

అవతల వెక్కిళ్ళు. "ఏం తినేది మే... జాబితాలో అక్క పేరు తీసేసినాక ముద్ద యాడ దిగుతాది? ఏమీ తినలేదు. అదే కొట్టినా. రెండో ఆమెను ముందుకు జరిపి కిందికి పంపించినా."

నా తెర మీద అడుగున ‘ఇడ్లీ’ అని ఉంది. పైన మొదటి వరుసలో అక్క పేరు, పక్కన ‘కడుపు ఆపరేషన్’.

వరండాలో స్ట్రెచర్ చక్రాల చప్పుడు దగ్గరవుతోంది. ఫోన్ పెట్టకుండానే వెళ్ళి, తలుపు దగ్గర అక్క నిలబడే చోట అడ్డంగా నిలబడ్డాను.