రేడియోలో ఒంటి తుమ్ము

మరియదాసు గారి అమ్మాయి స్తుతి నల్లపాడులో మా ఇంటికి మూడో ఇంట్లోనే పెరిగింది. చర్చిలో ఆ పిల్ల వాక్యం చదువుతుంటే వెనక బెంచీలో కునికే ముసలాళ్ళు కూడా నిటారుగా కూర్చునేవారు. క్రిస్మస్ కేకు కోసం వెళ్ళినప్పుడు నేనూ కూర్చున్నాను.

మా ఊరి చిన్న రేడియోలో ఆడవాళ్ళకు మధ్యాహ్నం వంటల కార్యక్రమమే దిక్కు. పాటలు వేస్తూ కబుర్లు చెప్పే ఉదయం గంట మొదటినుంచీ మగవాళ్ళది; ఆరేళ్ళుగా ప్రకాష్ నడుపుతున్నాడు. స్తుతి పోరగా పోరగా మేనేజరు నాగేంద్రబాబు ఆ గంటను వారం రోజులకు ఇచ్చాడు.

"ఒక్క ఫిర్యాదు వచ్చిందా, మళ్ళీ వంటల్లోకే" అన్నాడు.

ఏడో రోజు. స్టూడియో కింద కారం మిల్లు పెందలాడే తిరిగింది. "పొలాలకు బయల్దేరే అక్కలకూ అన్నలకూ..." అంటూ స్తుతి తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

నేను చదివిన కాన్వెంటులో తుమ్మితే సిస్టర్లు దీవించేవారు. మా వీధిలో అలా కాదు. ఒంటి తుమ్ము వింటే గడప దాటరు, రెండోది పడితేనే కదులుతారు. ఇంట్లో తుమ్మితే ఆ ఇల్లే ఆగుతుంది. రేడియోలో తుమ్మితే?

ఆ గంట ఇంటింటా రేడియో మోగుతుంది; వీధిలోకి చూసి నిర్ఘాంతపోయాను. ఆటో నడిపే బుడే తాళం తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టీ కొట్టువాడు పోస్తున్న టీ గాల్లోనే ఆగింది. నమ్మకపోతే గ్లాసునడగండి.

ఇంతలో రేడియోకి ఫోను, అదీ అందరికీ వినపడేలా. మిరప రైతు రాజ్యం.

"ఏమ్మాయ్! పద్దెనిమిది మంది కూలోళ్ళు ట్రాక్టరెక్కి కూచున్నారు. డ్రైవరు బండి తియ్యనంటన్నాడు. రెండోది తుమ్ము తల్లీ!"

"రావట్లేదండీ!" అంది స్తుతి.

"గుంటూరు కారం పక్కన పెట్టుకుని తుమ్ముకి కరువేంటే?"

దభీమని తలుపు చప్పుడు. నాగేంద్రబాబు గొంతు. "చెప్పానా లేదా? లే! రేపట్నుంచి వంట..." మిల్లు ఘాటు ఆయన ముక్కుకీ తగిలింది. హాఛ్! సరిగ్గా మైకు ముందు.

వీధంతా ఊపిరి బిగబట్టింది. ఆడతుమ్ముకు మగతుమ్ము జత అవుతుందా? ఏ పంచాంగంలోనూ లేదు.

"జంటైపోయింది! పోనియ్‌రా బండి!" అని రాజ్యం కేక. బుడే ఆటో బుర్రుమంది. టీ గ్లాసులో పడింది.

మైకు ఇంకా తెరిచే ఉందని మరిచిపోయి నాగేంద్రబాబు మెల్లగా అన్నాడు: "తుమ్మొస్తే ఈ బటన్ నొక్కాలమ్మా. మైకు మూసుకుపోద్ది. ప్రకాష్ ఆరేళ్ళుగా ఇదే నొక్కాడు."

ఊరు ఊరంతా నోరు తెరిచింది. ప్రకాష్‌కి అసలు తుమ్మే రాదని కదా మేమందరం మెచ్చుకుంది!

"మరి నాకెందుకు చెప్పలేదు సార్?"

రాజ్యం ఇంకా లైన్లోనే ఉంది. "ఏమయ్యా మేనేజరూ, ఫిర్యాదుంటే ఎవరికి చెప్పుకోవాలి? నీ మీద."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "రేపు పొద్దున కూడా నువ్వే వచ్చెయ్యమ్మా. ఎల్లుండి కూడా."

అప్పుడు స్తుతి ఆ బటన్ నొక్కింది. ఆయనకి ఏం చెప్పిందో మాకెవరికీ వినపడలేదు.