ఒక్కరూ గైర్హాజరు కాని తరగతి

యూసుఫ్‌గూడ బడి కట్టలో పిల్లకొకటి చొప్పున ముప్పై ఒక్క కాగితాలున్నాయి. మొదటి విడతలో ముప్పై ఒకటి, రెండో విడతలో ముప్పై ఒకటి, ఈ మూడో విడతలోనూ అంతే. జీవమణి కట్టను మళ్లీ లెక్కపెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఏడాది దాటింది. ఆ తరగతిలో ఒక్క పిల్లకైనా జ్వరం రాలేదా? ఒక్క కుటుంబమైనా ఇల్లు మారలేదా?

పంజాగుట్టలో ఓ పాత భవనం రెండో అంతస్తులో ఉన్న విద్యా పరిశోధన సంస్థలో ఆమె పదకొండేళ్లుగా పనిచేస్తోంది. అంతకుముందు అమీర్‌పేటలో డీటీపీ సెంటర్లో కూర్చుని విద్యార్థులకు ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసేది. ఒకే రిపోర్టు పైన పేరు మార్చుకుని ఆరుగురి చేతుల్లో వెళ్లిపోవడం కళ్లారా చూసింది. అప్పటినుంచి మరీ శుభ్రంగా ఉన్న కాగితం కనిపిస్తే ఆమె చెయ్యి ఆగిపోతుంది. “నువ్వు చర్చిలో హాజరు పుస్తకాన్ని కూడా నమ్మవు” అని భర్త సాలమన్ నవ్వుతుంటాడు.

ఇప్పుడు నడుస్తున్నది ప్రభుత్వ నిధులతో చేస్తున్న పరిశోధన. పన్నెండు సర్కారు బళ్లలో మూడో తరగతి పిల్లల్ని ఎంచుకున్నారు. ఆరు నెలలకోసారి ఆ పిల్లల చేతే తెలుగు చదివించి, ఎవరెక్కడ తడబడుతున్నారో రాసుకోవాలి. ఆ వివరాలతో నిధులిచ్చే ఢిల్లీ శాఖకు ప్రగతి నివేదిక పంపాలి. ఏం చేస్తామన్నారు, ఎంత చేశారు, తేడా వస్తే ఎందుకొచ్చింది, అన్నిటికీ గడులుంటాయి. చివర ‘తయారుచేసినవారు’ అన్నచోట జీవమణి సంతకం, దాని కింద డైరెక్టర్ కృష్ణమోహన్ సంతకం. గడువు ఇంకా ఎనిమిది రోజులుంది.

బళ్లకు వెళ్లి పిల్లల చేత చదివించేది కేదార్. అతను కాగితాలు డైరెక్టర్‌కు ఇస్తే, అక్కడినుంచి కట్టలుగా టైపుకు జీవమణి దగ్గరికొస్తాయి. అమలాపురం వైపు నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నాడు. అనుమానం సహజంగానే అతని మీదికి పోయింది. కిందటి వారం పొద్దున్నే సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ మెట్లు దిగుతూ కనిపించాడు. ఆమెను చూసి తల తిప్పుకున్నాడు. బడికి వెళ్లాల్సినవాడికి అక్కడేం పని? పైగా ఈమధ్య పాత నివేదిక కాపీ కావాలని రెండుసార్లు అడిగాడు. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు. ఆమె ఇవ్వలేదు. బడికి వెళ్లకుండా అంకెలు కల్పించి రాసేస్తున్నాడని మనసులో తీర్మానించుకుంది.

మర్నాడు ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి నేరుగా యూసుఫ్‌గూడ బడికి వెళ్లింది. హెడ్మిస్ట్రెస్ మంజూష ఆమెకు కుర్చీ వేయించింది.

“కేదార్ అసలు వచ్చాడా మేడమ్?” అని అడిగింది జీవమణి.

“అయ్యో, రాకేంది? బెల్లు కొట్టకముందే వచ్చిండు. ఒక్కొక్క పిల్లను కూసోబెట్టి ఓపిగ్గ చదివిచ్చిండు. మధ్యాహ్నం దాక ఈడనే ఉన్నడు.”

“ముప్పై ఒక్క మందీ చదివారా?”

మంజూష వింతగా చూసింది. “ముప్పై ఒకరు యాడున్నరమ్మా? తొమ్మిది మంది పోయిండ్రు. అమ్మానాయినలు బిల్డింగు పనోళ్లు. ఈడ పని అయిపోయింది, కోకాపేట దిక్కు పోయిండ్రు. నలుగురు ముందుగాల పోయిండ్రు, గీ మధ్యల ఇంకో ఐదుగురు. కావాలంటే రిజిస్టర్ సుత చూడు.”

రిజిస్టర్లో ఆ పేర్ల మీద ఎర్ర గీతలున్నాయి. జీవమణి తొమ్మిది పేర్లూ రాసుకుంది.

ఆఫీసుకొచ్చి ఆ తొమ్మిది కాగితాలూ విడిగా పేర్చింది. వాటిల్లో మాత్రం ఏడు అంకెకు నడుమ చిన్న గీత ఉంది. పదకొండేళ్లుగా చిత్తు ప్రతుల్లో ఆ ఏడును చూస్తూనే ఉంది. అది కృష్ణమోహన్ గారి ఏడు.

సాయంత్రం కేదార్‌ను టీ కొట్టు దగ్గరికి పిలిచి ఉన్నదంతా చెప్పింది. “నిన్ను అనుమానించాను నాయనా” అంది.

కేదార్ గ్లాసు కింద పెట్టాడు. “నేను మిమ్మల్నే అనుకున్నానండి. పోయినసారి ఆ బడివి ఇరవై ఏడు కాగితాలే సార్‌కిచ్చాను. మీటింగులో సార్ ముప్పై ఒకటని చదివారు. టైపు చేసేది మీరు కదా. పాత రిపోర్టు ఇవ్వకపోయేసరికి ఖాయం చేసేసుకున్నాను. ఇక్కడుంటే ఎప్పుడో నా మెడకు చుట్టుకుంటుందని కోచింగ్‌లో చేరాను.”

ఇద్దరికీ నవ్వు రాలేదు.

మర్నాడు జీవమణి తొమ్మిది కాగితాలు డైరెక్టర్ టేబుల్ మీద పెట్టింది. కృష్ణమోహన్ తలెత్తలేదు.

“పిల్లలు తగ్గారంటే ఢిల్లీ వాళ్లు ప్రాజెక్టు ఆపేస్తారు జీవమణి గారూ. అందరం ఇంటికెళ్లాలి. ఈ ఒక్క బడే, ఈ ఒక్కసారే.”

“ఈ ఒక్కసారే కాదు సార్. పోయినసారి నలుగురు.”

ఆయన ముఖం కందిపోయింది. ‘ఈ ఒక్క బడే’ అన్న మాటను కూడా ఆమె ఇక నమ్మలేకపోయింది.

“ఇవి ఉంటే నేను సంతకం పెట్టను. ఎందుకు పెట్టలేదని వాళ్లడిగితే చెప్తాను” అని లేచొచ్చేసింది.

నాలుగు రోజులు ఆయన మాట్లాడలేదు. ఉద్యోగం పోయినట్టేనని ఆమె ఇంట్లో చెప్పేసింది. గడువు రోజున ఆయనే ఆమె బల్ల దగ్గరికొచ్చి, “ఇరవై రెండే రాయండి. మిగతా బళ్లకూ కేదార్ చెప్పిన లెక్కే రాయండి” అని వెళ్లిపోయాడు. తేడాకు కారణం రాయాల్సిన గడిలో, పని వెతుక్కుంటూ కుటుంబాలు వెళ్లిపోయాయని ఆమె ఉన్నదున్నట్టు రాసింది.

నెల తర్వాత ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. కారణం సబబుగానే ఉంది, పరిశోధన కొనసాగించవచ్చు అన్నారు. బడి మారిన పిల్లల్ని కూడా వెతికి చదివించమన్నారు. దానికింద ఇంకో వాక్యం ఉంది: వెనకటి రెండు నివేదికల అంకెలనూ బడి రిజిస్టర్లతో సరిచూసి పంపండి.

జీవమణి, కేదార్ పన్నెండు బళ్లూ తిరిగారు. వెనకటి లెక్క ఇంకో రెండు చోట్ల తప్పింది. రెండో నివేదికలో పదకొండు మంది ఉత్త పేర్లేనని తేలింది. ఆ నివేదిక అడుగునా జీవమణి సంతకమే. అప్పుడు కట్ట విప్పి చూడకుండానే, ఇచ్చిన అంకెను ఇచ్చినట్టు టైపు చేసేసింది.

సవరణ ఉత్తరం రాసేటప్పుడు కృష్ణమోహన్, “మీ పేరెందుకు, అది నా తప్పు కదా” అన్నాడు. ఆ మాటలో మంచితనముందో, ఇంకేదైనా ఉందో ఆమెకు తేలలేదు. ఆయన తప్పును ఆయన పేరుతో, సరిచూడకపోవడాన్ని తన పేరుతో రాసి, ఇద్దరి సంతకాలకూ చోటు వదిలి, ముందు తాను పెట్టింది.