మా అక్క పంచాయితిల బెంగాల్ పిల్లి

ఆ రోజుల్ల నాకు తెల్వని సంగతి లేదనుకునేదాన్ని. డిగ్రీ అయిపోయింది, నౌకరి రాలే, మెదక్ బజార్ల చిలుకలు, చేపలు, పిల్లులు అమ్మే చాచా షాపుల కౌంటర్ మీద కూసున్న. "గింత చదివి పిల్లులకు పాలు పోసుడా" అని మా అమ్మ దినాం మొత్తుకునేది. నేను మాత్రం వచ్చినోళ్లందరికీ బెంగాల్ పిల్లి మీద క్లాసు పీకేదాన్ని. పేరుకే బెంగాల్ గని అది బెంగాలోళ్ల పిల్లి గాదు, అడవిల తిరిగే చిరుతపిల్లికీ ఇంటిపిల్లికీ జత కట్టిస్తె అమెరికాల పుట్టిన జాతి. ఒంటి మీద చిరుత మచ్చలుంటయి, నీళ్లంటె భయపడది, ఒక్క తాన కూసోది. (గిదంతా ఇని, మెల్లగ రెండు ఎర్రచేపలు కొనుక్కొని పోతుండిరి.) పెడిగ్రీ అంటె ఏందని అడిగితె నాకు ఇంకింత హుషారు. దాని తల్లెవరు, తండ్రెవరు, తాతెవరు అన్న వంశం లెక్కనే పెడిగ్రీ. చిరుతపిల్లికి పుట్టింది మొదటి తరం, దానికి పుట్టింది రెండో తరం, గట్ల కిందికి పోతది. చాచా దగ్గరున్న మగపిల్లి నవాబు రెండో తరమని హైదరాబాద్‌ల అమ్మినాయన చెప్పిండట, అంటె వాని తాత అసలు అడవి జంతువన్నట్టు. "అడవికి ఎంత దగ్గరుంటె అంత అసల్ ఖాందాన్, బేటీ" అని చాచా మీసం దువ్వుకునేటోడు. సంబంధం చూడవోతె ముందుగాల వంశమడిగే ఊరు మాది, ఆ మాట అందరికీ మస్తు నచ్చింది.

గప్పుడే మా అక్కను రేగోడ్‌ల ఉన్న అత్తగారోళ్లు ఇంటికి పంపిన్రు. పెండ్లయి నాలుగేండ్లయినా కడుపు పండలేదని. "జర ఆరాం చేయనీయుండ్రి" అన్నరు గని బట్టలన్నీ సర్ది పంపిన్రు, ఒక్క చీరె గూడ ఆడ ఉంచలే. ఏడుపాయల అమ్మోరికి ముడుపు కట్టింది, దర్గాల తాయెత్తు కట్టించుకుంది, పెద్ద చర్చిల ప్రార్థన చేయించుకుంది, అక్క ఎక్కని గడప లేదు. చేదు కషాయాలు తాగి తాగి మనిషి సగమైంది. బావ ఫోన్ ఎత్తుతలేడు. మా బాపు రోజూ సందు మొగదాక పోయి రోడ్డు దిక్కు చూసి వస్తుండె.

షాపుల గూడ గదే కథ. నవాబుకు జతగ బిజిలీ అని ఒక ఆడ బెంగాల్ పిల్లి ఉండె. చానా తరాల కిందిది గన్క చాచా లెక్కల అది తక్కువ ఖాందాన్. నెలలు గడిచినయి, పిల్లలు లెవ్వు. నవాబు మీద ఎవ్వలికీ అనుమానం రాలే, వాడు రాజు లెక్క కూసొని మాంసం ముక్కలు తింటుండె. బిజిలీకి కార్జం పెట్టిన్రు, మెడకు తాయెత్తు కట్టిన్రు, తిట్టిన్రు. ఆఖరికి చాచా దాన్ని డబ్బాల పెట్టుకొని స్కూటర్ మీద నర్సాపూర్ అడవి అంచున ఇడిసిపెట్టి వచ్చిండు. ఆ డబ్బా మూత పట్టుకున్నది నేనే.

వారం తిరగక ముందే పశువుల దవాఖాన డాక్టరమ్మ షాపుకొచ్చింది. నవాబు వంశం సంగతి చాచా గొప్పగ చెప్తుంటె ఆమె నవ్వింది. "అడవి రక్తం గంత దగ్గరుంటె మగపిల్లికి పిల్లలు గారు చాచా. మూడో తరం దాక మగయి శాన మటుకు గొడ్డుయే. ఆడయి మంచిగనే ఈనుతయి. మీ ఆడపిల్లికి ఏం లోపం ఉండది" అన్నది. చాచా మొఖంల నెత్తుటి సుక్క లేదు. షాపు నాకు అప్పజెప్పి నర్సాపూర్ ఉరికిండు. పొద్దుగూకినంక ఖాళీ డబ్బాతోని వచ్చిండు.

ఆ వచ్చిన ఐతారం మా ఇంట్ల పంచాయితి కూసుంది. అక్క అత్తమ్మ, బావ, మధ్యల మాట చెప్పెటందుకు హవేలిఘనపూర్ నుంచి పిలిపించిన ఒక పెద్దమనిషి. అత్తమ్మ సాప మీద సర్దుకొని కూసొని, "మా వంశం ఎసొంటిదో జిల్లా అంత ఎరుకే. మా రక్తంల లోపం లేదు. లోపం మీ పిల్ల కడుపులనే ఉన్నది, మా పిలగాన్ని మాకు ఇడిసిపెట్టుండ్రి" అన్నది. బాపు తల దించుకున్నడు. నేను చాయ్ పళ్లెం పట్టుకొని ఉన్న. ఇగ ఆగలే.

"రక్తం గొప్పదైతె పిల్లలైతరని రాసిపెట్టి లేదత్తమ్మా. మా షాపుల నవాబుది గూడ గొప్ప రక్తమే" అని షురూ చేసి, చిరుతపిల్లి కాంచి మూడో తరం దాక మొత్తం చెప్పిన. కౌంటర్ మీద చెప్పినట్టే, ఒక్క ముక్క ఇడువకుండ. అందరు నోరెళ్లబెట్టి ఇన్నరు. పెద్దమనిషి జీవితమంత ఎడ్లను చూసినోడు, గడ్డం గోక్కొని మస్తు ఆలోచించి, "గట్లయితె మన అల్లుడు ఎన్నో తరం బిడ్డా?" అని అడిగిండు. ఎవ్వలు నవ్వలే. అత్తమ్మ లేచింది. "నా కొడుకును పిల్లితోని పోలుస్తరా" అని కొంగు నడుముకు చుట్టింది. అప్పుడు బావ, సాప దిక్కే చూసుకుంట, "కూసో అమ్మా. నేను పోయినేడే టెస్టు చేపించుకున్న. లోపం నాదే" అన్నడు.

అక్క తలుపు కాడ నిలవడి ఇన్నది. ఏడుస్తదనుకున్న, ఏడువలే. "పోయినేడా?" అన్నది, గంతే. లోపలికి పోయింది. ఆమె మళ్ల రేగోడ్ పోలే.

నేను మాత్రం చానా దినాలు ఛాతి ఇరుసుకొని తిరిగిన. మా అక్కను నేనే గెలిపించిన్నని, ఒక పిల్లి ముచ్చటతోని పంచాయితి తిప్పిన్నని దోస్తులందరికీ చెప్పుకున్న. మొన్న అక్కతోని కూసొని గదే గుర్తు చేసిన. అప్పుడు అక్క చెప్పింది: "నాయి టెస్టులు ఎప్పుడో అయినయే. నాల ఏం లేదని నాకు ముందుగాలనే ఎరుక. చెప్తె అందరు ఏలు ఆయన దిక్కు చూపిస్తరని నోరు మూసుకున్న. ఆయనంతట ఆయన ఒక్కసారి నా పక్కన నిలవడి చెప్తడని చూసిన. చెప్పిండు. పిల్లితోని పోల్చినందుకు చెప్పిండు, నా కోసం గాదు."

అన్నీ తెలుసనుకొని చాయ్ పళ్లెం పట్టుకొని నిలవడ్డ ఆ పోరి యాదికొచ్చి నవ్వొచ్చింది. అక్క గూడ నన్ను చూసి కొద్దిగ నవ్వింది.