విశ్వకర్మ పూజనాడు నేను కాపాడిన ఆవు

ఏ జబ్బూ లేని ఆవుని చావు అంచుల్లోంచి లాక్కొచ్చిన పశువైద్యుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఆ ఘనుణ్ణి నేనే. ఈ ఘనకార్యంలో ఒక కాల్షియం సీసా పగిలింది, ఒక పూజ మధ్యలో ఆగింది, పదిహేనుమంది కార్మికులకి ప్రసాదం చల్లారిపోయింది, ఒక పెద్దావిడ నడివీధిలో ఏడ్చింది. ఆవుకి మాత్రం ఏమీ కాలేదు. అది ఆ పూట తృప్తిగా మేత మేసింది.

అప్పటికి జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్‌లో నేను ఆసుపత్రి తెరిచి ఏడాది కూడా కాలేదు. ఆసుపత్రి అంటే ఒక గది, ఒక బల్ల, సూర్యం అనే నా పేరున్న ఒక బోర్డు. పట్టుదల మాత్రం నాలుగు ఆసుపత్రులకి సరిపడా ఉండేది. మా అమ్మ దాన్ని మొండితనం అంటుంది. పశువైద్యంలో కృత్రిమ మేధ వచ్చేసిందని విన్న రోజునే, ఈ ఊళ్ళో దాన్ని మొదట తెచ్చేది నేనేనని తీర్మానించుకుని, ఆవుల మెడకి కట్టే పట్టీలు మూడు తెప్పించాను. ఆవు ఎన్ని అడుగులు వేసింది, ఎంతసేపు నెమరేసింది, ఎంతసేపు పడుకుంది, అన్నీ ఆ పట్టీ కనిపెడుతుంది. ఆ మేధ లెక్కలు కట్టి, నా ఫోన్‌లో ఆడగొంతుతో హిందీలో చెబుతుంది. మంచి వస్తువే. ఇప్పటికీ మంచిదనే అంటాను. లోపం పట్టీలో లేదు, దాన్ని నమ్ముకున్న తలకాయలో ఉంది.

అందులో ఒక పట్టీ బర్మామైన్స్ బస్తీలో పైడమ్మత్త ఆవు గౌరికి కట్టాను. పైడమ్మత్త మాకు చుట్టం కాదు. మా అమ్మా ఆవిడా ఒక్క ఊరివాళ్ళు, అందుకని అత్త. పోయినేడు ఆవిడ ఆవు లచ్చిమి ఈనిన మూడో రోజున పాలజ్వరం వచ్చి, అంటే ఒంట్లో కాల్షియం పడిపోయి, కూలబడి, మళ్ళీ లేవలేదు. ఆ దిగులుతోనే ఆవిడ గౌరిని కంటికి రెప్పలా చూసుకునేది. అందుకే నేను పట్టీ కట్టి, దాని గొప్పతనం గురించి పావుగంట ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చాను.

అంతా విని ఆవిడ అడిగింది, "అంటే ఏటి బాబూ? తాయెత్తా?"

"తాయెత్తు కాదత్తా, మిషను."

"ఒరే రమణా," అని కొడుకుని కేకేసింది, "డాక్టరు బాబు గౌరికి మిషను కట్టినాడు. జాగర్తగా సూసుకో!"

రమణ తలూపాడు. కుర్రాడు బుద్ధిమంతుడు, చెప్పినమాట మర్చిపోడు. నా కొంప ముంచింది ఆ బుద్ధిమంతుడే.

గౌరి ఈనింది. మూడో రోజు విశ్వకర్మ పూజ వచ్చింది. జంషెడ్‌పూర్‌లో ఆ రోజు స్క్రూడ్రైవర్ కూడా సెలవు పెడుతుందని మీకు తెలిసే ఉంటుంది. లారీ దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా అన్నీ కడిగి, బొట్టు పెట్టి, దండ వేస్తారు. పూజలో కూర్చున్న పనిముట్టుని మర్నాటిదాకా కదపరు. మా అమ్మయితే నా స్టెతస్కోపూ థర్మామీటరూ తెల్లారకముందే దేవుడి గదిలో పెట్టేసింది. ఫోన్‌కి కూడా బొట్టు పెట్టబోతే లాక్కున్నాను.

పొద్దున్న పదింటికి ఆ ఫోన్ మోగింది. "పశు కీ హాలత్ గంభీర్ హై!" పశువు పరిస్థితి విషమం. గౌరి నాలుగు గంటలుగా అడుగు వెయ్యలేదు, ఒక్కసారీ నెమరెయ్యలేదు. పాలజ్వరం కావచ్చు, వెంటనే చూడండి.

చూశారా, "చూడండి" అనే చెప్పింది. నేనే చూడలేదు.

స్టెతస్కోపు ఇమ్మంటే అమ్మ ఇవ్వనంది. ఫోనుండగా అదెందుకని కాల్షియం సీసా, సూది సంచిలో వేసుకుని, ముసురులో స్కూటరు మీద బర్మామైన్స్ చేరాను. పశువుల పాకలో గౌరి పడుకుని ఉంది. బాలింతకి చలిగాలి తగలకూడదని పైడమ్మత్త దానికి పాత దుప్పటి కప్పి, మెడ చుట్టూ తాడుతో బిగించి కట్టింది. పక్కనే దూడ నిద్రపోతోంది.

"అత్తా, గౌరి పడిపోయి ఎంతసేపైంది?"

"పడిపోడవేటి బాబూ? కుడితి తాగీసి ఇప్పుడే తొంగున్నాది."

"ఇప్పుడే కాదు. నాలుగ్గంటలైంది."

"నేనిక్కడే ఉన్నాను కదా నాయినా."

"ఉన్నావు సరే, లెక్కపెట్టావా?"

ఆవిడ లెక్కపెట్టలేదు. మొదటి వాదన నేనే గెలిచాను.

గౌరి మెడ పక్కకి తిప్పి డొక్క మీద ఆనించింది. పాలజ్వరం వచ్చిన ఆవు అచ్చం ఇలాగే పడుకుంటుంది. నిద్ర ముంచుకొచ్చిన ఆవు కూడా అచ్చం ఇలాగే పడుకుంటుందని మా పుస్తకంలో అదే పేజీలో ఉంది, కానీ నాకు సగం పేజీయే గుర్తుంది. చెవులు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి, అదీ పాలజ్వరం లక్షణమే. ఆ వానలో నా చెవులు ఇంకా చల్లగా ఉన్నాయిగానీ వాటిని పట్టుకు చూసే నాథుడు లేడు.

"బాబూ, అది నెమరేత్తంది సూడు," అంది పైడమ్మత్త.

నిజమే, దవడ ఆడుతోంది. నెమరెయ్యడం లేదని ఫోన్ అంటోంది, నెమరేస్తున్నానని ఆవు అంటోంది. ఇద్దరిలో ఎవరు చదువుకున్నవాళ్ళు?

"నెమరు కాదత్తా, పళ్ళు కొరుకుతోంది. నొప్పికి."

ఆవిడ వంగి ఆవు మూతి వంక చూసింది. మొహం పాలిపోయింది. నెమ్మదిగా కింద కూర్చుంది.

"అయితే లచ్చిమి కూడా అలాగే పళ్ళు కొరికినాదా బాబూ? నేనేటి నెమరనుకున్నానా?"

ఆ మాటకే నేను ఆగిపోవలసింది. కానీ పట్టుదల మనిషిని కదా, ఈ ఆవునైనా బతికించి తీరతానని పళ్ళు బిగించాను.

కాల్షియం మెడ నరానికి ఎక్కించాలి. దానికి ఆ తాడు ముడి విప్పాలి. తడిసి బిగుసుకుపోయిన ముడి, విప్పే టైమెక్కడిది? పొదుగు ముందున్న నరం చాల్లే అనుకున్నాను. ఆ ముడి విప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది, నేను పరువుగా ఇంటికెళ్ళి పులిహోర తినేవాణ్ణి.

సూది మోపానో లేదో, గౌరి వెనక్కాలు విదిలించింది. సీసా ఎగిరి గోడకి కొట్టుకుని ముక్కలైంది.

"అమ్మో, తన్నినాది!" అంది పైడమ్మత్త, కాస్త ఆశగా.

"తన్నలేదత్తా. ఈడ్పులు మొదలయ్యాయి."

ఈసారి ఆవిడ ఏడుపు ఆపుకోలేకపోయింది. నేను ఫోన్‌కి సంగతి చెప్పాను. ఎక్కువసేపు పడుంటే కాళ్ళు చచ్చుబడతాయి, వీలైనంత త్వరగా పశువుని నిలబెట్టమంది. నాలుగు క్వింటాళ్ళ ఆవుని నిలబెట్టాలంటే చైన్ పుల్లీ కావాలి. ఈ ఊళ్ళో దానికి కరువా? రెండు సందుల అవతలే రమణ పనిచేసే షెడ్డు ఉంది. బరువైన సామాన్లు పైకెత్తి బిగించే ముఠా వాళ్ళది. పరుగెత్తాను.

షెడ్డులో హారతి జరుగుతోంది. విశ్వకర్మ ముందు పుల్లీలు, స్పానర్లు, వెల్డింగ్ మిషన్లు బొట్లు పెట్టుకుని పెళ్ళివారిలా కూర్చున్నాయి.

"రమణా! గౌరి పడిపోయింది! చైన్ పుల్లీ కావాలి, బెల్టు కావాలి!"

రమణ చేతిలో గంట ఆగిపోయింది. "క్యా బోల్ రహే హో భయ్యా? సుబహ్ తో ఠీక్ థీ!"

"పొద్దున బాగుందని నువ్వనుకున్నావు. పొద్దుట్నుంచీ కదల్లేదు. నా దగ్గర లెక్కుంది!"

ముఠా మేస్త్రీ అప్పలస్వామి లేచి అడ్డం వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. "పుల్లీ ఇవాళ కదపరాదు బాబూ. పూజలో కూకున్నాది. రేపు పొద్దున్న అట్టుకెల్లు."

"రేపటిదాకా ఆవు ఉండదు మేస్త్రీ గారూ!"

"ఏడాదంతా మా పేనాలు ఆ గొలుసు మీదే ఏలాడతాయి. ఒక్కరోజు దానికి దండవెట్టి కూకోబెడతాం. మద్దిలో లేపితే, రేపు పైకెక్కినోడికి ఏటన్నా అయితే ఎవుడు జవాబు సెప్తాడు?"

"అక్కడ ప్రాణం పోతుంటే ఇక్కడ దండలేమిటండీ?" అని నేను గొంతు పెంచాను. ఆయన కదల్లేదు, నేనూ కదల్లేదు. ఇద్దరం పోట్లగిత్తల్లా నిలబడ్డాం. అంతలో పైడమ్మత్త వానలో తడుస్తూ, వీధి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చి మేస్త్రీ ముందు కూలబడింది.

"అన్నా, లచ్చిమి పోయినాది. దీన్ని కూడా పోగొట్టుకుంటే నేను తట్టుకోలేను. ఒక్కసారి ఇయ్యి అన్నా."

మేస్త్రీ తలగుడ్డ తీసి, దేవుడి ముందు సాష్టాంగపడ్డాడు. "సామీ, తప్పు నాది. ఈళ్ళ మీద కోపం ఉంచకు." లేచి కళ్ళు తుడుచుకుని నాతో అన్నాడు, "తీసుకో బాబూ. నీ సేత్తోనే తియ్యి."

నేను విజయగర్వంతో ముందుకెళ్ళి పుల్లీ గొలుసు ఎత్తాను. దానిమీది బంతిపూలు జలజలా రాలాయి. వాటికింద, పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, అక్షింతలు చల్లిన ఒక నల్లటి పట్టీ. మధ్యలో ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటోంది.

ఆ పట్టీని నేను బాగా ఎరుగుదును.

వంగి చేతిలోకి తీసుకున్నాను. జేబులో ఫోన్ షెడ్డు దద్దరిల్లేలా అరిచింది. "బధాయీ హో! పశు ఖడా హో గయా హై!" శుభాకాంక్షలు, పశువు లేచి నిలబడింది.

రమణ బిక్కమొహం వేశాడు. "అమ్మ మిషను అన్నాది కదా భయ్యా. ఘర్ కా సబ్ మిషన్ లే ఆయా. ఉధర్ దేఖో, మిక్సీ భీ హై." ఇంట్లో ఉన్న మిషన్లన్నీ పూజకి తెచ్చేశాడన్నమాట; నిజంగానే వెల్డింగ్ మిషను పక్కన వాళ్ళ మిక్సీ దండ వేసుకుని కూర్చుంది. తెల్లారకముందే గౌరి మెడలోంచి పట్టీ తీసి, దుప్పటి మళ్ళీ కప్పి, తాడు కట్టి తెచ్చాడట.

మేస్త్రీకి అర్థమవడానికి కాస్త టైము పట్టింది. "అంటే బాబూ, ఇందాకట్నుంచీ కదలకుండా పడున్నది ఇదా?"

"అవునండీ."

"దీనికా నువ్వు పుల్లీ ఎయ్యబోయినావు?"

అందరం పాకకి పరుగెత్తాం. గౌరి లేచి నిలబడి దూడని నాకుతోంది. మమ్మల్ని చూసి, పెద్దగా పట్టించుకోకుండా గడ్డిలో మూతి పెట్టింది. ముఠా అంతా గొల్లున నవ్వారు. పైడమ్మత్త ఒక్కతే నవ్వలేదు. ఆవు మెడ కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"తిట్టు అత్తా," అన్నాను.

"నిన్నెందుకు తిట్టడం నాయినా? నలబయ్యేళ్ళు ఆవుల్తోటే బతికినాను. నా కళ్ళెదురుగా నెమరేత్తంటే సూసినాను. నువ్వు సదువుకున్నోడివి కదాని, నా కళ్ళే తప్పనుకున్నాను."

చెంప మీద కొట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు. ఆ రోజే ఆవిడకి ఇంకో మాట కూడా చెప్పాను. లచ్చిమి నెమరే వేసింది అత్తా, నువ్వేమీ పొరబడలేదు అని. ఆవిడ లోపలికెళ్ళి నాకు టీ తెచ్చింది.

పట్టీలు ఇప్పటికీ వాడుతున్నాను, బాగానే పనిచేస్తున్నాయి. కానీ మేస్త్రీ నన్ను ఊరికే వదల్లేదు. మధ్యలో లేపిన దేవుడికి సమాధానం చెప్పాలన్నాడు. కొబ్బరికాయ నాచేతే కొట్టించాడు. పదిహేనుమంది సాక్షిగా, కర్పూరం మీద చెయ్యి పెట్టి నేను ప్రమాణం చేశాను. "పశువైద్య పట్టభద్రుణ్ణైన నేను, ఇకమీదట ఆవుని చూడకుండా ఆవు సంగతి ఫోన్‌ని అడగను. ఆవుగలావిడ నెమరంటే నెమరే, తన్నిందంటే తన్నినట్టే."

లేవబోయాను. "కూకో బాబూ, ఇంకోటుంది," అన్నాడు మేస్త్రీ.

"ఏమిటండీ?"

"'ముందు ఆవు మెడ సూత్తాను' అని అను."

అన్నాను. నాచేత మూడుసార్లు అనిపించాడు.