కమలమ్మ కొంగు కింద గాలి

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కనే మా బడి. గేటు రోడ్డుకే తెరుచుకుంటుంది. సిమెంటు లారీ పోయినా, బండల లారీ పోయినా, ఆ దుమ్ము ముందు మా పిల్లల మీద వాలి తర్వాతే ఊళ్లోకి పోతుంది. ఆ గేటు దగ్గర పచ్చజెండా పట్టుకుని పిల్లలను రోడ్డు దాటించే ఆయా కమలమ్మ. తెలుగు చెప్పడానికి నేను ఈ బడిలో చేరేనాటికే ఆమె అక్కడ ఉంది. గట్టి మనిషి, గొంతు అంతకంటే గట్టిది. ఆమె చెయ్యెత్తితే లారీ ఆగాల్సిందే. ఆగని డ్రైవరు తిరిగొచ్చేటప్పుడైనా ఆమె చేత చీవాట్లు తినాల్సిందే.

జెండా కంటే ఆమెకు ముఖ్యమైనది కొంగు. లారీ వస్తుందనగానే పిల్లలను దగ్గరికి లాక్కుని ముఖాల మీద కొంగు కప్పుతుంది. చిన్న తరగతుల వాళ్లకు అదొక ఆట. లారీ కనిపిస్తే చాలు, ఎవరూ పిలవకుండానే పరుగెత్తుకొచ్చి ఆ కొంగులో దూరతారు.

"గేటు ఎనక సందులోకి మార్చండి సార్. పిల్లోళ్లు శానా దగ్గుతాండారు," అని మా కరెస్పాండెంటు రవిశంకర్ గారిని ఆమె ఏటా అడుగుతూనే ఉంది. ఆయన చెడ్డవాడేం కాదు. కాకపోతే రోడ్డువైపు ఆర్చి కట్టించి, దాని మీద బడి పేరు బంగారు రంగుతో రాయించుకున్నాడు. వెనక సందులో ఆర్చి కడితే ఎవడు చూస్తాడు?

ఈ ఏడు మసరత్ వచ్చింది. యూనివర్సిటీలో గాలి మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి, మా ఊరి పిల్లే. మేడ మీద యంత్రం పెట్టి ఊరి గాలి కొలిస్తే చాలదని, మనుషులు మేడల మీద బతకడం లేదని, ఎవరు పీల్చే గాలి వాళ్ల ముక్కు దగ్గరే కొలవాలని ఆమె పట్టుదల. అందుకని సబ్బుపెట్టెంత యంత్రాలు తెచ్చి ఊళ్లో కొందరికి భుజాల దగ్గర తగిలించింది. మా రోడ్డున ఆటో నడిపే దేవపాలుకు ఒకటి, కమలమ్మకు ఒకటి. కంటికి కనపడని సన్న ధూళిని అవి పసిగడతాయట.

"ఈడ గాలి చెడ్డదని మిషను చెప్పనీ కమలమ్మా, గేటు మారుస్తా," అన్నారు రవిశంకర్ గారు స్టాఫ్ రూములో అందరి ముందూ. "చెప్పకుంటే మాత్రం ఇంక ఆ మాట ఎత్తొద్దు."

"అట్లే కానీండి సార్," అంది కమలమ్మ. ఆమె ముఖంలో అప్పుడే గెలిచిన కళ వచ్చేసింది.

వారమంతా యంత్రం తీయకుండా తిరిగింది. ఆదివారం చర్చికి కూడా పెట్టుకుపోయింది. కొత్త సెల్లా అని అడిగినవాళ్లకు, "నా ముక్కుకు కాపలా," అని జవాబిచ్చిందట.

వారం తర్వాత మసరత్ ఎవరి ధూళి లెక్క వాళ్లకు గీతగా గీసి తెచ్చింది. దేవపాలు గీత మా గేటు ముందుకు వచ్చినప్పుడల్లా పైకి లేచింది. కమలమ్మ గీత మాత్రం బడి మొదలయ్యే వేళ, వదిలే వేళ చక్కగా కిందికి దిగింది. రవిశంకర్ గారి ఆనందం చూడాలి! దేవపాలు గీతను పక్కన పెట్టేసి, మా గేటు దగ్గర గాలి స్వచ్ఛమని అడ్మిషన్ల కరపత్రంలో వేయిస్తానన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మిషను అబద్ధం చెప్తాంది టీచరమ్మా," అంది కమలమ్మ. తన మీద తనకు అనుమానం రావడం ఆ మనిషికి చేతకాదు.

మసరత్‌కూ నమ్మకం కుదరలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడింది. నేనూ నిలబడ్డాను. బండల లారీ వచ్చింది. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. కమలమ్మ ఒక చేత్తో వాళ్ల మీద కొంగు కప్పింది. ఇంకో చేత్తో మిగిలిన కొంగును ముద్దగా చేసి యంత్రం మీద అదిమిపట్టింది.

"ఏందమ్మా అది!" అని అరిచింది మసరత్.

"దుడ్లు పోసి కొన్న మిషను పాపా. దుమ్ము పడితే చెడిపోదా?"

మసరత్‌కు నవ్వాగలేదు. "అది ఊపిరి పీల్చే బొక్క మూసేస్తాండావు కమలమ్మా. గాలే పోకుంటే అదేం చెప్తాది?"

కమలమ్మ కూడా నవ్వేసింది. ఆ నవ్వులోనే, "అట్లయితే నా కొంగు మంచి పనే చేస్తాంది. పిల్లోళ్లకు కప్పినట్టే, వదులుగా కప్పి సూపిస్తా. సూడు," అంది.

తర్వాతి లారీకి అట్లాగే కప్పింది. యంత్రం పంపే అంకెను మసరత్ ఫోనులో చూశాం. కొంగు లేనప్పుడు ఎంతుందో కొంగు కింద కూడా ఇంచుమించు అంతే. పెద్ద దుమ్మే గుడ్డకు ఆగుతుందని, ఊపిరితిత్తుల్లోకి పోయే సన్న ధూళి ఆ నేతలోంచి దూరిపోతుందని మసరత్ మెల్లగా చెప్పింది.

కమలమ్మ కొంగు అంచును వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది.

"ఇన్నేండ్లూ నేను కప్పింది ఉత్త గుడ్డేనా?" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె మాత్రం ఏడవలేదు. కొంగు బిగించి నడుముకు దోపుకుని నేరుగా ఆఫీసు రూములోకి పోయింది. యంత్రం తీసి రవిశంకర్ గారి చొక్కా జేబుకు తానే తగిలించింది.

"రాండి సార్. ఈరోజు గేటుకాడ మీరు నిలబడండి."

ఆ గొంతుకు లారీలే ఆగుతాయి, ఆయనెంత! వచ్చి ఆర్చి కింద నిలబడ్డారు. సిమెంటు లారీ పోయింది. ఫోనులో అంకె పైపైకి పాకుతుంటే ఆయన జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"అదీ ఉత్త గుడ్డే సార్," అంది కమలమ్మ.

దసరా సెలవుల తర్వాత బడి వెనక సందులో గేటు తెరిచారు. ఆర్చి లేదు, రేకుల గేటే. యంత్రంతో మళ్లీ కొలిస్తే అక్కడ గాలి మంచిదిగానే తేలింది.

మొన్న సాయంత్రం బడి వదిలాక, ఎల్‌కేజీ జెస్సికా పరుగెత్తుకొచ్చి ఎప్పటిలాగే కమలమ్మ కొంగులో తల దూర్చింది.

"ఈడ లారీ యాడుందే?" అంది కమలమ్మ.

"లారీ లేదు. ఊరికే."

కమలమ్మ సందు అటూ ఇటూ చూసి, నడుముకు దోపిన కొంగు తీసి కప్పింది.