ఆహ్వానపత్రికతోపాటు ఫ్లాపీ

కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ఏం చెప్పినా జనం నమ్మే కాలం ఒకటుండేది. ఆ రోజుల్లో పటమటలో ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేస్తూ, ఆ నమ్మకాన్ని నేను బాగానే వాడుకున్నాను. ఇన్నేళ్లుగా స్నేహితులకు నేను చెబుతూ వచ్చిన కథలో తప్పు ప్రెస్సు యజమానిది. నిజానికి తప్పు నాది.

మా హైస్కూలు డ్రాయింగు మాస్టారు రెండేళ్లు కూర్చుని తెలుగు అక్షరాలు గీసిస్తే, నేను వాటిని ఫాంటుగా మార్చాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవాలి, మార్చుకోవాలి, మార్చింది మళ్లీ అందరికీ ఇవ్వాలి అన్నది మా ఇద్దరి కోరిక. ఆయనకు అంతే చాలు. నాకు చాలలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి కొత్తగా చదివి ఊగిపోతున్న వయసు. తొమ్మిది పేజీల లైసెన్సు రాశాను. ఈ అక్షరాలు ఏ రూపంలో చేతికందినా, అందుకున్నవారికి ఫాంటు ఫైలు కూడా ఇచ్చి తీరాలని అందులో ఒక షరతు పెట్టాను. (ఆ వాక్యం పూర్తయ్యాక నాకు నేనే టీ ఇప్పించుకున్నాను.)

ఇంతలో మాస్టారి పదవీ విరమణ సభ వచ్చింది. ఆహ్వానపత్రిక తన అక్షరాల్లో అచ్చవ్వాలని ఆయన ఆశ. ఆయన దగ్గరే చదువుకున్న ప్రెస్సు యజమాని ఆ తొమ్మిది పేజీలూ వేలు పెట్టి చదివాడు. (ఈనాటికీ వాటిని పూర్తిగా చదివినవాడు ఆయనొక్కడే.)

"పత్రిక కూడా చేతికందేదేగా తమ్ముడూ. అయితే పిలిచినోళ్లందరికీ ఫాంటెక్కించి తలో ఫ్లాపీ పంచాలా?"

సిద్ధాంతం ప్రకారం పంచాలన్నాను.

"మా మావయ్యక్కూడానా? ఆయనింట్లో టీవీయే లేదు."

నాతోపాటు ప్రెస్సుకు వచ్చిన మాస్టారు మెల్లగా అన్నారు, "అబ్బాయ్, నువ్వు కాపాడాల్సింది అక్షరాల్ని. కాగితం జోలికెందుకురా?"

"మనకు మనమే మినహాయింపు ఇచ్చుకుంటే ఇంకెవరు పాటిస్తారండీ?" అన్నాను.

ఆయన మరి అడగలేదు. పత్రిక వేరే మామూలు ఫాంటులో అచ్చయింది. సభలో ఎవరో కారణం అడిగితే, ప్రెస్సు ఆయన లైసెన్సుకు భయపడి వేయనన్నాడని చెప్పేశాను. పక్కనే ఉన్న మాస్టారూ విన్నారు.

కొన్నేళ్లకు లైసెన్సులో ఒక వాక్యం చేర్చాను: ఈ అక్షరాలతో అచ్చయిన కాగితానికి ఈ షరతులు వర్తించవు. ఫాంటును మార్చి పంచేవారికి మాత్రం పాత షరతే. సిద్ధాంతానికి వీసమెత్తు నష్టం లేదు. భవానీపురంలో మాస్టారింటికి వెళ్లి చూపించాను. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, రాయడానికి ఎంతసేపు పట్టిందని అడిగారు. ఐదు నిమిషాలని చెప్పడానికి నాకు అంతకన్నా ఎక్కువసేపే పట్టింది.

"సరేలేరా," అన్నారాయన నవ్వి, "ఈసారి రిటైరైనప్పుడు వేయిద్దాం."

నేనూ నవ్వాను, ఆ తొమ్మిది పేజీల కుర్రాణ్ణి తలుచుకుని.