తొంభై ఆరు డిగ్రీల అవ్వ

నా నోట్లో ఒక మాట పది మాటలై బయటికొస్తదని మా దేవరకొండలో ఎవరినడిగినా చెప్తరు. ఖిలా మీద చిరుతపులి నన్ను చూసి పక్కకు జరిగి దారి ఇచ్చిందని ఒకసారి చెప్పిన. అది చిరుతపులి కాదు, కుక్క. పక్కకు జరిగింది కూడా నేనే. విన్నోళ్లు నవ్విన్రు, పోయిన్రు, ఎవరికీ నష్టం లేదు. ఇది మాత్రం గట్ల పోలేదు. ఈ అబద్ధాన్ని నేను ఒక ముసలాయన చేతిలో పెట్టిన. ఆయన దాన్ని గట్టిగ పట్టుకున్నడు.

తెలంగాణ వచ్చిన ఏడాది, ఖిలాకు పోయే తొవ్వలో ఒక మడిగె కిరాయికి తీసుకొని ఫొటోల దుకాణం పెట్టిన. పాస్‌పోర్టు ఫొటోలు, పెండ్లి కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, చావు ఫ్లెక్సీలు. అన్నిటికీ ఒక్కటే కంప్యూటర్. ఆడమనిషి ఫొటోల దుకాణం నడుపుడేందని మొదట్ల గొణిగినోళ్లే తర్వాత వాళ్ల ఆడపిల్లల ఫొటోలు నా దగ్గరనే దింపించిన్రు.

మడిగెను ఆనుకొనే గొర్లు కాసేటోళ్ల ఇల్లు. రెండింటికీ నడుమ గోడ ఒక్కటే, దానికి నేల దగ్గర గాలి కోసం విడిచిన ఒక సందు. సందుకు ఇటువైపు నా కంప్యూటర్ డబ్బా, అటువైపు వాళ్ల అరుగు. అరుగు మీద అవ్వ కూసొని ఉన్ని ఏకేది. విల్లు తీగను కట్టెతో కొడుతుంటే నల్లటి ఉన్ని విడిపోయి పొగ లెక్క లేచేది. పోగులు నా చాయ్ గ్లాసులో తేలేటియి. నేను కసురుకుంటే సందులకెల్లి ఆమె జవాబొచ్చేది. నీ డబ్బా పొద్దంత బుర్రుమంటది గద, ఇన్నేండ్లల్ల ఒక్క గొంగడైనా నేసిందా అని.

ఫొటో అంటే అవ్వ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునేది. పింఛను కాయితానికి కావాలంటే తప్పక వచ్చి నా ముందర స్టూలు మీద కూసున్నది. నవ్వకు, నవ్వితే సర్కారు ఒప్పుకోదని చెప్పిన. ఆ మాటకే నవ్వింది. నేను నొక్కేసిన. తర్వాత ముఖం బిగించి కూసుంటే ఇంకోటి తీసిన. బిగించిన ముఖం కాయితంతో పాటు ఆఫీసుకు పోయింది. నవ్విన ముఖం నా కంప్యూటర్‌లో మిగిలింది. ఆ మనిషివి లోకంలో ఇంకే ఫొటోలు లేవు.

మూడేండ్ల కింద, నడి ఎండాకాలంలో అవ్వకు ఎండదెబ్బ తగిలింది. ఒళ్లు పెనం లెక్క కాలుతాంటే, తడి గోనెసంచి కప్పి, నుదురు మీద తడిబట్ట వేసి ఆటోలో దవాఖానకు తీసుకపోయిన్రు. రెండో రోజు పీనుగను తెచ్చి అరుగు మీద పండుకోబెట్టిన్రు.

పదకొండో దినానికి ఫ్లెక్సీ నన్నే చెయ్యమన్నరు. అవ్వ నవ్విన ఫొటో తెరిచి, పెద్దగ చేసి, చుట్టూ పూలు పెడుతుండంగ తెర నల్లగైపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అంతే. నాలుగుసార్లు ఆరిపోయింది. ఆఖరికి ఫొటో లేకుండనే, రెండు దీపాలు, ఒక పూలదండ బొమ్మ పెట్టి, వేరే దుకాణంలో ఫ్లెక్సీ కొట్టించి ఇచ్చిన. దినం నాడు వచ్చినోళ్లంత ఆ ఖాళీ జాగా దిక్కే చూసిన్రు. నాకు తల కొట్టేసినట్టయింది.

నిజం చెప్పాలంటే, ఆ ఎండల్లో ఎవరి ఫొటో పెద్దగ చేసినా నా కంప్యూటర్ ఆరిపోతనే ఉండె. పెండ్లి ఆల్బములకు ఆరింది, ఒక లీడరు పుట్టినరోజుకు ఆరింది. ఎనిమిదేండ్లల్ల దాని మూత ఒక్కసారి తీసిన పాపాన పోలేదు నేను. ఆ సిగ్గు కప్పుకోవడానికి, అడిగినోళ్లకు గొంతు తగ్గించి ఒక ముచ్చట చెప్పిన. అవ్వ ఫొటో ముడితే చాలు, డబ్బా ఒళ్లంత కాలిపోతాంది, ఆరిపోతాంది, లోపల ఆమెనే కూసున్నది అని.

తెల్లారేసరికి ఆ ముచ్చట చాయ్ హోటల్ దాటి బస్టాండు దాక పోయింది. ఎవరో వచ్చి డబ్బాకు నిమ్మకాయ కట్టిపోయిన్రు. ఒక రైతు వాళ్ల నాయిన ఫొటో పట్టుకొచ్చి, పొలం గట్టురాయి ఎక్కడ పాతిండో కంప్యూటర్‌లకెల్లి అడిగి చెప్తవా అన్నడు. మీ నాయిన ఇంకా లైన్లకు రాలేదని పంపించిన. నవ్వుకుంటనే ఉన్న అప్పటిదాక.

ఒక మధ్యాహ్నం అవ్వ మొగడు వచ్చిండు. కట్టె గోడకు ఆనించి, లోపలికి రావచ్చునా అన్నట్టు నిలబడ్డడు.

"బిడ్డా, ఏ జాగల వెచ్చగున్నది?"

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. డబ్బా వెనుక, గాలి బయటికొచ్చే జాలీ చూపించిన. ఆయన గొంతుకూసొని అరచెయ్యి అక్కడ పెట్టిండు. చాలసేపటికి, "గిదే," అన్నడు.

తెల్లారి నుంచి రోజూ వచ్చుడు మొదలుపెట్టిండు. గొర్లు అమ్మేసుకున్నడు గనక మధ్యాహ్నం ఆయనకు పని లేదు. చెయ్యి వేడిగాలికి పెట్టి, బిడ్డ ఫోన్ చేసిందని, మిగిలిన ఒక్క మేక ఈనిందని మెల్లగ చెప్పుకునేటోడు. నాతోని కాదు. నేను తెర దిక్కు చూస్తూ వినపడనట్టు పని చేసుకునేదాన్ని. అబద్ధం అల్లుడు నాకు అలవాటే. విప్పుడు ఎన్నడూ చేసిన పని కాదు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటనే చలికాలం గడిచింది. చలికాలంలో డబ్బా అంతగ వేడెక్కలేదు గని, ఆయన మాత్రం రాకుండ ఉండలేదు.

ఎండలు ముదరంగనే ఒకనాడు, ఆయన ఇంకా రాకముందు, దుకాణంలో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఒక వాసన వచ్చింది. వానకు తడిసిన గొంగడిని పొయ్యి దగ్గర ఆరేస్తే వచ్చే వాసన. అవ్వ వాసన. వంగి సందులకెల్లి చూసిన. అరుగు ఖాళీగ ఉంది. విల్లు మేకుకు వేలాడుతాంది. ఆ ఇంట్లో ఉన్ని ముట్టిన చెయ్యి లేక ఏడాది కావస్తాంది. వాసన సందులో లేదు, డబ్బా వెనుక ఉంది. ఊరంతటికీ ఎన్నెన్నో చెప్పిన నేను, వాసన సంగతి ఎవరికీ చెప్పలేదు. అది నేను అల్లింది కాదు. నా కథలో లేనిది డబ్బాలో ఉంది. ఆనాటి నుంచి అవ్వ ఫొటో ఉన్న ఫోల్డర్ దిక్కు బాణం గుర్తును పోనియ్యలేదు. ఆ ఫొటోను పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకునేందుకు ఉన్న రోజులన్నీ గట్లనే పోయినయి.

ఏడాది మాసికం వారంలో ఉందనంగ, మోత్కూర్‌లో ఇచ్చిన అవ్వ బిడ్డ వచ్చింది. నా ఈడుదే. "అక్కా, దినం నాడు మా అమ్మ ముఖం లేకుంటనే పోయింది. ఏడాదికన్న ఉండాలె. ఫ్రేము కొనుక్కొచ్చిన," అని సంచిలకెల్లి ఖాళీ ఫ్రేము తీసి బల్ల మీద పెట్టింది.

అప్పటికి కంప్యూటర్ అయిదు నిమిషాలు కూడా నిలుస్తలేదు. మొదలయ్యేటప్పుడు వచ్చే నీలం తెరలో ప్రాసెసర్ వేడి చూపిస్తది. తొంభై ఆరు డిగ్రీలు. నల్లగొండల మెకానిక్‌కు ఫోన్ చేస్తే తిట్టిండు. గట్ల ఆరిపోయిన ప్రతిసారి డిస్కుకు దెబ్బ తగులుతది, ఇంకో నాలుగుసార్లు ఆరితే ఫొటో కాదు గదా ఏదీ దొరకదు, ముందు ప్రాసెసర్‌ను చల్లబరుచు, అటెన్క ముట్టుకో అన్నడు. ఎట్లా చెయ్యాలో, ప్రాసెసర్ మీద వేడిని గుంజేందుకు పూసే పేస్టు ఎక్కడ దొరుకుతదో కూడా చెప్పిండు. పేస్టు తెచ్చి పెట్టుకున్న. కాని మూత విప్పాలంటే నాకు ఆ వాసన గుర్తుకొచ్చి చేతులాడలే. విప్పకుండ అయితదేమోనని, టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టి, గోనెసంచి తడిపి డబ్బా మీద కప్పిన. అంకె ఎనభై తొమ్మిదికి దిగి, చూస్తుండంగనే మళ్లీ ఎక్కింది.

అప్పుడే ముసలాయన గడపలో నిలబడ్డడు. తడి గోనెసంచి చూసి ఆయన ముఖం తెల్లబోయింది. వచ్చి దాన్ని లాగి కింద పడేసిండు.

"నాయినా, అమ్మ ఫొటో కోసమే," అన్నది బిడ్డ.

"దాన్ని చల్లగ చెయ్యకున్రి. దవాఖానల గదే చేసిన్రు. మంచుగడ్డలు పెట్టిన్రు. ఒళ్లు చల్లగైతాంది, ఇగ మంచిదే అన్నరు. చల్లగైనంక అది లెవ్వలే."

డాక్టర్లు చెయ్యాల్సిందే చేసిన్రని ఆయనకూ తెలుసు. అయినా ఆయన చేతులు రెండూ డబ్బా మీద పరిచి ఉన్నయి. ఇక నా వల్ల కాలేదు. దినం నాటి సిగ్గు నుంచి మొదలుపెట్టి, లీడరు పుట్టినరోజు దాక అన్నీ చెప్పిన. అవ్వ లోపల లేదు, అది నేను కల్పించింది, ఎవరి ఫొటోకైనా అది గట్లనే ఆరిపోతది అన్న. వాసన సంగతి మాత్రం మింగేసిన.

ఆయన కోపం చేస్తడనుకున్న. నా దిక్కు జాలిగ చూసిండు.

"నువ్వు చెప్పింది అబద్ధమని నాకెర్కలేదా, బిడ్డా? నీ చిరుతపులి ముచ్చట కూడ ఇన్న గద. ముచ్చట అబద్ధమే. వేడి అబద్ధమా?"

బిడ్డ ఖాళీ ఫ్రేము ఒళ్లో పెట్టుకొని కూసున్నది. ఆయన ఆ ఫ్రేము అద్దం దిక్కే చూసిండు. తర్వాత చేతులు తీసి, "ఇప్పు," అన్నడు.

స్క్రూలు తీసి మూత పక్కకు పెట్టంగనే వాసన గుప్పుమన్నది. ఈసారి ముగ్గురికీ వచ్చింది. ప్రాసెసర్ మీద అల్యూమినియం రేకుల దిమ్మె ఉంటది, దాని మీద చిన్న ఫ్యాను. ఫ్యాను ఊడదీస్తే కింద రేకులు కనపడలే. నల్లగ, మందంగ, ఒత్తుగ ఒక పొర ఉంది. గోటితో అంచు లేపితే మొత్తం ఒక్క ముక్కగ లేచొచ్చింది. అరచెయ్యంత గొంగడి. ఎనిమిదేండ్లు సందులకెల్లి వచ్చిన పోగులను ఫ్యాను లోపలికి గుంజి గుంజి, వేడికి అదిమి అదిమి నేసింది.

ముసలాయన దాన్ని వెలుతురుకు పట్టుకొని వేళ్లతో ఒక అంచు విప్పిండు. నల్లటి దాంట్లో ఒక ఎర్రటి పాయ ఉంది. "గిది మా ఎర్రగొర్రె. గిది దాని చేతి ఏకుడే. గింత సన్నగ ఇంకెవ్వలకు రాదు," అన్నడు. లోపల ఆమెనే కూసున్నదని నేను ఊరంతా చెప్పిననాడు, ఆమె చేసింది నిజంగనే లోపల ఉంది. నాకు తెలియకుండ నా నోట్లకెల్లి నిజం వచ్చుడు అదొక్కసారే.

బిడ్డ దాన్ని అందుకొని చెత్తలో కలపబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, తల రుమాలు మడతలో దోపుకున్నడు. నేను రేకులను కుంచెతో దులిపిన. దిమ్మెను ఊడదీసి, దాని కింద ఎండి బెల్లంపాకం లెక్క గట్టిపడ్డ పాత పేస్టును గుడ్డతో తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టి, దిమ్మెను బిగించి, మీట వేసిన. నీలం తెర మీద అంకె నలభై మూడు. ఫొటో తెరిచిన. అవ్వ నవ్వుతాంది. ఆరిపోలే. ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, తర్వాత ప్రింటు వేసి ఫ్రేములో పెట్టిచ్చిన. బిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, కళ్లు తుడుచుకుంటూ, తండ్రికి చూపించకుండనే ఫ్రేమును ఛాతీకి ఆనించుకొని ఇంట్లకు పోయింది.

ముసలాయన పోలే. గొంతుకూసొని అరచెయ్యి జాలీకి పెట్టిండు. నాకు అర్థమైంది. చల్లగాలి వస్తాంది.

నేను బల్ల ముందు కూసొని పెండ్లి ఆల్బమొకటి తెరిచిన. తర్వాత ఇంకొకటి. చావు ఫ్లెక్సీలు, పుట్టినరోజులు, ఊర్లోని ముఖాలన్నీ ఒకదాని మీద ఒకటి పెద్దగ చేసుకుంటూ పోయిన. నలభై ఎనిమిది. యాభై ఒకటి. ఇంతకాలం ఏ అంకె ఎక్కుతుంటే భయపడ్డనో, ఆ అంకెనే ఎక్కు ఎక్కు అని లోపల బతిమాలుకున్న. యాభై నాలుగు దగ్గర ఆగిపోయింది. పని అంత బాగ చేసిన.

"సాలు బిడ్డా," అన్నడు ఆయన, నా దిక్కు చూడకుండనే. "ఇడిచిపెట్టు."

కట్టె తీసుకొని లేచి, ఫొటో చూసుకునేందుకు ఇంట్లకు పోయిండు. నేను ఇంకో రెండు ఆల్బములు తెరిచి, జాలీ దగ్గర నా చెయ్యి పెట్టి చూసిన.